మడుగులో వేయేళ్ళు

చిన్నప్పుడు పరీక్ష పాసవ్వాలని మొక్కుకుంటాం. తర్వాత ఉద్యోగం కోసం, పెళ్ళి కోసం, పిల్లల కోసం, ఆ పిల్లలకు మంచి కాలేజీలో సీటు కోసం. ఇవన్నీ ఒక విధంగా సులువైన మొక్కులు. ఏం కావాలో మనకు తెలుసు, ఇవ్వగలిగినవాడు ఎదురుగా ఉన్నాడు, హుండీ పక్కనే ఉంది. నలభై అయిదో యాభయ్యో దాటాక ఒక రోజు గర్భగుడి ముందు నిలబడతాం. పూజారిగారు గోత్రం అడుగుతారు, చెప్తాం. పేర్లు అడుగుతారు, ఇంటిల్లిపాదివీ వరసగా చెప్తాం. అర్చన మొదలవుతుంది. అప్పుడు చేతులు జోడించుకుని, ఏమడగాలో తోచక నిలబడిపోతాం.

లోటు ఉండి కాదు. జీతం వస్తోంది. ఇంటి లోను ఇంకొన్నేళ్ళలో తీరిపోతుంది. కొడుకు బెంగుళూరులోనో డల్లాస్‌లోనో స్థిరపడ్డాడు. ఊళ్ళో అమ్మ ఒక్కతే ఉంది, రమ్మంటే రాదు. పొద్దున్నే బీపీ మాత్ర అలవాటైపోయింది. అన్నీ సవ్యంగానే ఉన్నా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది. ఇంతకాలం పరిగెత్తింది దేనికి, ఇకమీదట నడవాల్సింది ఎటు అని ఎవరో లోపల అడుగుతారు. అలా అడిగేవాడికి మనం జవాబు చెప్పలేం. అందుకని ఆ ప్రశ్నను దేవుడి దగ్గరికి తీసుకెళ్తాం. వెళ్ళాక, ఆయన ఉన్నాడా అన్న ఇంకో ప్రశ్న కూడా వెంట వచ్చిందని తెలుస్తుంది.

మన పెద్దలు దీన్ని ముందే ఊహించినట్టున్నారు. శని రాశిచక్రాన్ని ఒకసారి చుట్టి రావడానికి సుమారు ముప్పై ఏళ్ళు పడుతుంది. అందులో ఏడున్నరేళ్ళు ఏలినాటి శని. లెక్క వేసి చూడండి, ముప్పైకీ అరవైకీ మధ్య ఎక్కడో ఒకచోట అది ప్రతివాడికీ తగిలి తీరుతుంది. జ్యోతిషం నిజమా కాదా అన్న వాదన నాకిప్పుడు అక్కర్లేదు. కానీ నడివయసులో మనిషి కాలు దేనికో ఒకదానికి చిక్కుతుందని, అప్పుడు వాడు దారి అడుక్కుంటూ మందపల్లి శనీశ్వరుడి గుడికో మరో చోటికో బయల్దేరతాడని, దానికి ఒక లెక్కా ఒక పేరూ పెట్టి ఉంచారు. అది నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

కాలు చిక్కడం అన్నాక తెలుగువాడికి గజేంద్రుడు గుర్తుకు రాకుండా ఉండడు. పదిహేనో శతాబ్దంలో బమ్మెర పోతన తెనిగించిన భాగవతంలో, ఎనిమిదో స్కంధంలో ఉందా కథ. మనలో చాలామంది దాన్ని బడిలో నాలుగైదు పద్యాలుగా చదువుకున్నాం, కంఠస్థం చేసి ఒప్పజెప్పాం, మార్కులు తెచ్చుకున్నాం. పిల్లల పాఠంగా మిగిలిపోయింది. నన్నడిగితే అది పిల్లల కథే కాదు. నడివయసు కథ.

గజేంద్రుడు ఎవరు? పసివాడు కాదు, ముసలివాడూ కాదు. మందకు పెద్ద. భార్యలున్నారు, పిల్లలున్నారు, అడవిలో సింహాలు సైతం తప్పుకునేంత బలం ఉంది. ఎండ వేళ దాహమై కుటుంబంతో సహా మడుగులో దిగాడు. పాపం ఏమీ చేయలేదు. తొండంతో నీళ్ళు చిమ్ముకుంటూ, ఆడవాళ్ళకూ పిల్లలకూ తాగిస్తూ సరదాగా ఉన్నాడు. అప్పుడు కాలు పట్టింది మొసలి.

తర్వాత జరిగినదాన్ని బడిలో మనకు ఒక వాక్యంలో దాటించేశారు. భాగవతం ప్రకారం ఆ పెనుగులాట వేయేళ్ళు సాగింది. వేయేళ్ళ పాటు ఆయన దేవుణ్ణి పిలవలేదు. తన బలం మీద నమ్మకం ఉంది కాబట్టి లాగాడు. తోటి ఏనుగులు వెనక నుంచి లాగబోయాయనీ, వాటి వల్ల కాలేదనీ వ్యాసుడు చెప్పాడు. రోజులు గడిచేకొద్దీ ఏనుగుకు బలం తగ్గింది, మొసలికి పెరిగింది. మరి మొసలి ఉన్నది దాని నీళ్ళలో. మన అలసట మీదే బలిసే కష్టం అది. ఇంకొంచెం గట్టిగా లాగితే వదులుతుందనుకుంటూ మనం యాభైకి వస్తాం.

అలసిపోయాక గజేంద్రుడి నోట మొదట వచ్చింది స్తోత్రం కాదు, ఆశ్చర్యం. అడవిలో నా మంద నన్ను గౌరవిస్తుంటే, చందనం చెట్ల నీడన హాయిగా ఉండక, ఈ నీళ్ళ మీద ఆశతో ఇక్కడికి ఎందుకొచ్చాను అనుకున్నాడు. తెల్లవారుజామున మెలకువ వచ్చినవాడు వేసుకునే ప్రశ్నా అదే కదా. ఈ ఉద్యోగానికి ఎందుకొచ్చాను, ఈ ఊరికి ఎందుకొచ్చాను, ఇంత దూరం ఏ ఆశతో వచ్చాను?

ఆ తర్వాత ప్రార్థన మొదలవుతుంది. దాన్ని ఆయన అప్పటికప్పుడు అల్లలేదు. పూర్వజన్మలో నేర్చుకున్నదే అప్పుడు గుర్తొచ్చింది అంటాడు వ్యాసుడు. ఆ జన్మలో ఆయన ఇంద్రద్యుమ్నుడనే పాండ్యరాజు, విష్ణుభక్తుడు. మౌనంగా ధ్యానంలో ఉండగా అగస్త్య మహర్షి వచ్చాడు. రాజు లేవలేదు, పలకరించలేదు. ఏనుగువై పుట్టమని శాపం. ఈ సంగతి మీద నా మనసు చాలాసార్లు ఆగుతుంది. ఆయన శాపం తిన్నది ధ్యానం మానినందుకు కాదు. ధ్యానంలో కూర్చుని, గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూడనందుకు. అయినా అప్పటి జపం పనికిరాకుండా పోలేదు. ఎన్నో ఏళ్ళు ఎక్కడో అడుగున పడి ఉండి, అవసరానికి పైకి వచ్చింది. అమ్మమ్మ నేర్పిన పద్యం, చర్చిలో బెంచీ మీద కాళ్ళాడిస్తూ విన్న కీర్తన, మౌల్వీ సాబు దగ్గర అర్థం తెలియకుండా వల్లె వేసిన సూరా, ఇవి మధ్యలో ముప్పై ఏళ్ళు మనకు గుర్తు లేకపోవచ్చు. ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు వాటంతటవే పెదవుల మీదికి వస్తాయి. అలా వచ్చినప్పుడు, నాకు నమ్మకం లేదు కదా ఇదేమిటని సిగ్గుపడేవాళ్ళున్నారు. సిగ్గుపడవలసిన పని లేదు.

ఇలాగే కాలు చిక్కిన ఇంకో మనిషిని చూడ్డానికి ఒక్కసారి రష్యా వెళ్ళొద్దాం.

1877 నాటికి టాల్‌స్టాయ్‌కి యాభై దగ్గర పడింది. 'యుద్ధము, శాంతి' రాసి అప్పటికి ఎనిమిదేళ్ళు, 'అన్నా కరేనినా' అప్పుడే పూర్తయింది. యాస్నయా పొల్యానాలో తాతల నాటి ఎస్టేటు, భార్య, పిల్లలు, ఆరోగ్యం, కీర్తి అన్నీ ఉన్నాయి. ఆ మనిషి ఇంట్లో తాడు కనబడితే దాచేసేవాడు, ఎక్కడ ఉరిపోసుకుంటానో అని. తుపాకీ పట్టుకుని వేటకు వెళ్ళడం మానేశాడు, చావు మరీ తేలికైపోతుందని. ఇదంతా తనే 'కన్ఫెషన్' అనే చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. 1882లో దాన్ని అచ్చు వేయబోతే రష్యాలో సెన్సారు ఆపేసింది.

ఆ పుస్తకంలో ఆయన తన స్థితి చెప్పడానికి తూర్పు దేశాల కథ ఒకటి వాడుకున్నాడు. మృగం తరిమితే ఒకడు పాడుబావిలోకి దూకి, కొమ్మ పట్టుకుని వేలాడుతున్నాడు. కింద మహాసర్పం నోరు తెరుచుకుని ఉంది. ఒక తెల్ల ఎలుక, ఒక నల్ల ఎలుక ఆ కొమ్మను కొరుకుతున్నాయి. వాడు ఆకుల మీద పడ్డ తేనె చుక్కలు నాకుతున్నాడు. ఇది ఎక్కడో విన్నట్టుంది కదూ. మన భారతంలో స్త్రీపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పినదే. నూర్గురు కొడుకులు పోయిన తండ్రికి చెప్పిన కథ అరబ్బీ, గ్రీకు భాషల మీదుగా ప్రయాణం చేసి, దారిలో క్రైస్తవ సాధువుల కథలో చేరి, చివరికి రష్యాలో యాభయ్యేళ్ళ నవలాకారుడి చేతికి దొరికింది. నావి రెండు తేనె చుక్కలు, కుటుంబం మీద ప్రేమ, రచన మీద ప్రేమ, ఇప్పుడు రెండూ తియ్యగా లేవు అన్నాడాయన.

దారి కోసం ముందు శాస్త్రాల్లో వెతికాడు, తర్వాత తత్త్వవేత్తల్లో వెతికాడు, తన తరగతి పెద్దమనుషుల్ని గమనించాడు. ఎక్కడా దొరకలేదు. చివరికి తన పొలాల్లో పనిచేసే రైతుల వైపు చూశాడు. వాళ్ళకు తనకున్న సుఖాల్లో ఒక్కటీ లేదు, రోగాలూ చావులూ తనకంటే ఎక్కువే. అయినా బతుకు ఎందుకన్న ప్రశ్న వాళ్ళను చంపడం లేదు. వాళ్ళ నమ్మకంలో తను ఒప్పుకోలేని మూఢత్వం చాలా ఉంది. ఆ సంగతీ దాచకుండా రాశాడు. అయినా వాళ్ళతో పాటు చర్చికి వెళ్ళాడు, ఉపవాసాలు చేశాడు. ఆ చర్చితోనూ తర్వాత ఆయనకు పడలేదు. 1901లో చర్చి ఆయన్ని వెలివేసింది.

టాల్‌స్టాయ్‌ని తలుచుకున్నది ఎందుకంటే, నడివయసులో మనవాళ్ళు చాలామంది ఒక భ్రమలో ఉంటారు. సందేహం తీరాక ప్రార్థన చేద్దాం అనుకుంటారు. ముందు దేవుడున్నాడని తేలాలి, ఆ తర్వాత చేతులు జోడిస్తాం అంటారు. ఆయన అలా ఆగలేదు. గజేంద్రుడూ ఆగలేదు.

మళ్ళీ మడుగు దగ్గరికి వద్దాం. గజేంద్రుడి ప్రార్థనలో సందేహం రెండుసార్లు వస్తుంది. మొదటి పద్యం అందరికీ తెలిసిందే. దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, అలా ఉన్నాడని చెప్పే ఆయన నిజంగా ఉన్నాడో లేడో అంటాడు. తర్వాత కొన్ని పద్యాలకు ఆ ప్రసిద్ధమైన శరణాగతి వస్తుంది. ఒంట్లో సత్తువ లేదు, ధైర్యం జారిపోయింది, నువ్వు తప్ప నాకు వేరే తెలియదు, రమ్మని పిలుస్తాడు. బడిలో పాఠం సాధారణంగా ఆ పద్యం దగ్గర ఉచ్చస్థాయికి వెళ్తుంది, మాస్టారి గొంతు కూడా వణుకుతుంది. మనం కథ అక్కడితో అయిపోయిందనుకుంటాం. అవలేదు. ఆ శరణాగతి వెంటనే రెండో సందేహం వస్తుంది. జీవుల మాటలు వింటావట, ఎవరూ వెళ్ళలేని చోటికి వెళ్తావట, పిలిస్తే పలుకుతావట, ఇవన్నీ నిజమేనా అని నాకు అనుమానంగా ఉంది అంటాడు. సర్వం అప్పగించాననీ అన్నాడు, అనుమానంగా ఉందనీ అన్నాడు.

కానీ ఈ రెండు సందేహాలూ ఒకటి కాదు. మొదటిదాంట్లో దేవుడు అవతల ఎక్కడో ఉన్న మూడో మనిషి. ఆయన గురించి ఏనుగు తనలో తను అనుకుంటోంది. రెండోదాంట్లో దేవుడు ఎదుట ఉన్నాడు. నువ్వు వింటావట కదా అని ఆయన మొహం మీదే అంటోంది. అనుమానం అలాగే ఉంది, అది చెప్పుకునేది ఎవరికన్నది మాత్రం మారింది. పోతన ఇది తెలిసే చేశాడని నా నమ్మకం. నేటి భాషలో దీన్ని మధ్యవయసు భక్తి అనాలనిపిస్తుంది నాకు. ఇరవై ఏళ్ళప్పుడు మనకున్న సందేహం స్నేహితులతో టీ కొట్టు దగ్గర వాదించేది. యాభైలో అదే సందేహాన్ని పూజగదిలో కూర్చుని నేరుగా ఆయనకే చెప్పొచ్చు. ఆయనకు కోపం వస్తుందని భయపడేవాళ్ళు కంచెర్ల గోపన్నను తలుచుకుంటే చాలు. పాల్వంచ తహసీల్దారు, భద్రాచలం గుడి కట్టించి, గోలకొండ చెరలో ఏళ్ళ తరబడి మగ్గిన మనిషి. ఖర్చుల పద్దు చదివినట్టు నగలన్నీ లెక్కపెట్టి రాముణ్ణి దెప్పాడు. దెబ్బలు తాళలేక అన్నాను, మన్నించమని మళ్ళీ తనే బతిమాలుకున్నాడు. ఆ తిట్లనూ ఈ బతిమాలడాన్నీ మనం అదే గుడిలో, అదే స్వామి ముందు ఇప్పటికీ పాడుతున్నాం.

దారి అడగడం విషయానికొద్దాం. మనవాళ్ళకు రకరకాల పద్ధతులున్నాయి. ఔననీ కాదనీ చీటీలు రాసి దేవుడి ముందు వేసి, పసిపిల్ల చేత తీయిస్తారు. కళ్ళు మూసుకుని రామాయణం తెరిచి ఏ పుట వస్తే అది చదువుతారు. బైబిలు తెరిచి కంటపడిన వాక్యాన్ని జవాబుగా తీసుకునేవాళ్ళున్నారు. నేను వీటిని వెక్కిరించను. చీటీ విప్పేలోపు మన గుండె దేన్ని కోరుకుంటోందో మనకు తెలిసిపోతుంది. ఆ ఒక్క లాభమైనా ఉంది. కానీ చీటీలో ఒక ఇబ్బంది ఉంది. అమ్మను వృద్ధాశ్రమంలో పెట్టాలా, మన ఇంటికి తేవాలా అని మనం రెండు చీటీలు రాస్తాం. ఉద్యోగం వదిలి ఊరికి వెళ్ళి అమ్మ దగ్గర ఉండాలి అన్న మూడో చీటీ రాయం. ఆ రెండింటిలోంచే ఎంచుకోమని దేవుడికి చెప్తున్నాం.

ముస్లిం సోదరులు చేసే ఇస్తిఖారా నాకు ఇంతకంటే లోతుగా అనిపిస్తుంది. పెద్ద నిర్ణయం ముందున్నప్పుడు రెండు రకాతుల నమాజు చేసి, ఒక దువా చదువుతారు. దాని సారం ఇది. ఈ పని నా ధర్మానికీ నా బతుకుకూ మంచిదైతే దీన్ని నాకు సులభం చెయ్యి. చెడ్డదైతే దీన్ని నా నుంచి మళ్ళించు, నన్నూ దీని నుంచి మళ్ళించు, మంచి ఎక్కడుంటే అది నాకిచ్చి దానితో తృప్తిపడేలా చెయ్యి. జనం సాధారణంగా ఆ రాత్రి కల కోసం ఎదురుచూస్తారు. అసలు దువాలో కల ప్రసక్తే లేదు. ఒక్క మాట మాత్రం గమనించండి. ఆ పనిని నా నుంచి తప్పించమంటే సరిపోదు, నా మనసును కూడా దాని నుంచి తప్పించమని అడగాలి. లేకపోతే దక్కని ఉద్యోగాన్ని ఇరవై ఏళ్ళు మోసుకు తిరుగుతాం. ఇలాంటి ప్రార్థనే ఇంకొకటి ఉంది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఒకే మాట మూడుసార్లు అడిగాడని మత్తయి రాశాడు. ఈ గిన్నె తప్పిపోవాలని అడిగాడు, అయినా నీ ఇష్టమే జరగనీ అన్నాడు. పక్కన శిష్యులు నిద్రపోతున్నారు. గిన్నె తప్పలేదు. అడిగి లేచినవాడు మాత్రం రాబోయేదానికి ఎదురు నడిచాడు.

దారి అడగడానికి ఇంకో పద్ధతీ ఉంది. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. పచ్చి కుండ మీద నిలబడ్డ మహిళ నోట అమ్మవారు పలుకుతుందని నమ్మకం. వానల సంగతి, పంటల సంగతి, ఊరి క్షేమం అడుగుతారు. అమ్మ చాలాసార్లు ముందు తన ఫిర్యాదు చెప్తుంది, పూజలు మనసు పెట్టి చేయడం లేదని. దారి అడగబోయినవాళ్ళను అమ్మే నిలదీస్తుంది. అక్కడ నా ప్రమోషన్ ఎప్పుడని ఎవరూ అడగరు, అడిగేది అందరి వాన గురించి. నడివయసులో మన ప్రశ్నలు ఇలా కొంచెం వెడల్పైతే బాగుండునని అనిపిస్తుంది.

గజేంద్రుడి ప్రశ్న వెడల్పైంది. పోతన తెలుగులో కన్నీళ్ళు తెప్పించాడు కానీ, ఈ సంగతి వ్యాసుడి సంస్కృతంలో ఇంకా సూటిగా ఉంది. నాకు బతకాలని కోరిక లేదు, లోపలా బయటా అజ్ఞానం కప్పిన ఈ ఏనుగు జన్మతో నాకేం పని, ఆ కప్పు తొలగాలని కోరుతున్నాను అంటాడు మూడో అధ్యాయంలో. వేయేళ్ళు కాలు విడిపించుకోవడానికే లాగినవాడు, చివరికి కాలు సంగతే ఎత్తలేదు. పైగా ఆయన ఏ దేవుణ్ణీ పేరుపెట్టి పిలవలేదు. ఈ విశ్వానికి మూలమెవరో ఆయన్ని అన్నాడు. అందుకే బ్రహ్మాదులు మన పిలుపు కాదులే అని ఊరుకున్నారట. అన్నీ తానైనవాడు ఒక్కడే కదిలాడు, లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు అందుకోకుండా.

ఆ తర్వాత ఆయన పంపిన చక్రం మొసలిని చంపింది. మనకు అలా చక్రం రాదు. సోమవారం పొద్దున్న ఆఫీసుకు వెళ్ళాలి. మొసలి చచ్చాక గజేంద్రుడు మందలోకి తిరిగి వెళ్ళలేదు, వైకుంఠానికి వెళ్ళాడు. టాల్‌స్టాయ్‌కి ఆ సౌకర్యం లేదు. దారి తెలిసిందన్నాక కూడా అదే ఇంట్లో, ఆస్తి గురించి భార్యతో గొడవపడుతూ దాదాపు ముప్పై ఏళ్ళు ఉన్నాడు. 1910లో ఎనభై రెండేళ్ళ వయసులో ఒక రాత్రి ఇల్లు వదిలి బయల్దేరి, అస్తాపొవో రైల్వే స్టేషన్లో కన్నుమూశాడు. ఆ ముప్పై ఏళ్ళలోనే కరువు ప్రాంతాల్లో గంజి కేంద్రాలు నడిపాడు, ఎన్నో చిన్న కథలు రాశాడు, దక్షిణాఫ్రికాలో ఉన్న గాంధీకి ఉత్తరాలు రాశాడు. దారి దొరకడమంటే తగువులు తీరడమని ఎవరైనా అనుకుంటే ఆయన జీవితం ఒప్పుకోదు.

ఈ మొత్తం భాగవతమే ఒక మనిషి దారి అడిగితే పుట్టింది. పరీక్షిత్తు మహారాజుకు ఏడు రోజుల్లో పాము కాటుతో చావు రాసిపెట్టి ఉంది. గంగ ఒడ్డున కూర్చుని, చావబోయేవాడు ఏం వినాలి, ఏం చేయాలి అని శుకుణ్ణి అడిగాడు. ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు. శుకుడు చెప్పింది పన్నెండు స్కంధాల భాగవతమైంది. ఎనిమిదో స్కంధానికి వచ్చేసరికి వాటిలో సగానికి పైగా అయిపోయాయి. రాజు దగ్గర మిగిలిన రోజులు తక్కువ. అయినా నీళ్ళలో తిరిగే జంతువుకూ అడవిలో తిరిగే జంతువుకూ తగువెలా వచ్చిందో వినాలని ఉంది, చెప్పమన్నాడు. శుకుడు తొందరపడకుండా పాలసముద్రం మధ్యలో ఉన్న త్రికూట పర్వతం దగ్గర మొదలుపెట్టాడు.